పాత కోర్టు ఏది?

ఆ ఊళ్ళో కోర్టు భవనాలు మూడు. మూడూ ఒకే రోడ్డు మీద, ఒక్కోదానికీ మధ్య పది నిమిషాల నడక. దారినపోయే ఎవరినైనా ఆపి "పాత కోర్టు ఎక్కడండీ?" అని అడిగితే తడుముకోకుండా చెప్పేవారు. చిక్కేమిటంటే, సగంమంది తూర్పు చూపించేవారు, సగంమంది పడమర చూపించేవారు. ఇద్దరూ నిజం చెప్పినట్టే లెక్క.

మొట్టమొదట కట్టింది నెత్తిన గడియారం ఉన్న మేడ. దానికి నూట నలభై ఏళ్ళు. ఆ తర్వాత నలభై ఏళ్ళకి ఎర్రరాతి మెట్లతో ఇంకో మేడ లేచింది. దాన్ని కొత్త కోర్టు అన్నారు కాబట్టి మొదటిది పాత కోర్టు అయింది. అంతవరకూ బాగానే ఉంది. నలభై ఆరేళ్ళ కిందట కాలువ వంతెన పక్కన మూడోది వచ్చింది. కొత్త కోర్టు అనే పేరు అది లాగేసుకునేసరికి, నిన్నటిదాకా కొత్తగా ఉన్న ఎర్రమెట్ల మేడ కాగితాల మీద రాత్రికి రాత్రే పాతబడిపోయింది. కోర్టు ఉద్యోగులు గడియారం మేడని 'పెద్ద కోర్టు' అనడం మొదలుపెట్టారు. ఊరు వింటుందా? ఊరికి గడియారం మేడే పాత కోర్టు. సమన్లలో పాత కోర్టు అంటే మాత్రం ఎర్రమెట్లది.

ఈ ముడి గురించి రికార్డమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆవిడ రికార్డు గదికి పెద్ద గుమస్తా. ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలోనే ఉంది. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. కక్షిదారులకీ వకీళ్ళకీ రికార్డమ్మే. ఇంట్లో ఆయన కూడా కోపం వచ్చినప్పుడు "అలాగేనండీ రికార్డమ్మగారూ" అనేవాడు. యాభై రెండేళ్ళ మనిషి, పొట్టిగా, చకచకా నడిచేది. ఏ కట్ట ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఒక్క అర దగ్గరకి మాత్రం ఆవిడ ఎప్పుడూ వెళ్ళేది కాదు. ఆ వరసలో ఏదైనా కావాలంటే తన కింది గుమస్తాని పంపేది.

ఆ ఏడాది ఒకరోజు చెవులు సరిగ్గా వినపడని ఒక ముసలి వడ్రంగి పొద్దుటి నుంచీ గడియారం మేడలో కూర్చున్నాడు. ఎర్రమెట్ల మేడలో ఆయన పేరు మూడుసార్లు పిలిచి, పలకలేదని ఇంటి కేసు కొట్టేశారు. ఆయన మర్నాడు తిన్నగా పెద్ద జడ్జిగారి గదికి వెళ్ళి, చేతికర్ర నేలకేసి కొట్టి, "నేను రాలేదని ఎవరన్నారు?" అని అడిగాడు. పెద్ద జడ్జిగారు ఆ ఊరికి కొత్తగా వచ్చిన ఆవిడ. ఆ ప్రశ్న ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. అదే వారంలో పురాతన కట్టడాల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది, ఈ కోర్టు భవనాలకి రాతి పలకలు పెడతాం, పలకల మీద ఏ పేర్లు చెక్కమంటారు అని.

"చెక్కాక మార్చలేం. అందుకని ముందే సరిగ్గా పెడదాం," అని జడ్జిగారు ముగ్గురిని పిలిపించారు. పురాతన కట్టడాల శాఖ ఇంజనీరు ఒకరు. రికార్డమ్మ ఒకరు. మూడోవాడు కోర్టు వాకిట్లో ఇరవై ఏడేళ్ళు పేర్లు పిలిచి రిటైరైన బంట్రోతు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే జనం ఆయన్ని కంచుగొంతు అనేవారు. ఇప్పుడాయనకి డెబ్భై ఎనిమిది. కంచుకి బీట వారింది గానీ మోగడం మానలేదు.

ఇంజనీరు ఫైలు తెరిచి ఉత్సాహంగా చదివాడు. "న్యాయ సౌధం, ధర్మ సౌధం, సత్య సౌధం."

"పేరు గొప్ప ఊరు దిబ్బ," అన్నాడు కంచుగొంతు. "బాబూ, వాకిట్లో నిలబడి పిలిచినవాణ్ణి చెప్తున్నా. ఈ మూడూ గట్టిగా అరిస్తే వినపడేది 'ధం, ధం, ధం' అని. గుళ్ళో గంట కొట్టినట్టుంటుంది. పాపం, ఆ వడ్రంగి మళ్ళీ తప్పిపోతాడు."

వకీళ్ళ సంఘం కూడా ఒక చీటీ పంపింది. కాలం చేసిన ముగ్గురు పెద్ద వకీళ్ళ పేర్లు పెట్టమని. అందులో ఇద్దరు అన్నదమ్ములు. ఇంటిపేరొకటే, సొంత పేర్లలో ఒక్క అక్షరం తేడా.

జడ్జిగారు నవ్వాపుకుని అన్నారు. "ఈ ఊరు ఎప్పుడూ చూడని మనిషి పేరు వినగానే కాళ్ళు అటే నడవాలి. నాకు కావలసిన పేరు అది." తర్వాత రికార్డమ్మ వైపు తిరిగారు. "పై వాళ్ళకి రాయాలంటే నాకో లెక్క కావాలి. మూడో భవనం వచ్చాక మొదటి పదేళ్ళలో, మనిషి రాలేదని ఏకపక్షంగా తేల్చిన కేసులెన్ని? వాటిలో నిజానికి వచ్చి, వేరే భవనంలో కూర్చున్నవాళ్ళెంతమంది? తీయగలరా?"

"తీస్తానండీ," అంది రికార్డమ్మ. ఆ పదేళ్ళలో ఆవిడ వెళ్ళని అర కూడా ఉంది.

ఆ అరలో ఉన్నది వాళ్ళమ్మా నాన్నల కేసు.

వాళ్ళ నాన్న ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దేవాడు. అమ్మ బట్టలు కుట్టేది. ఇద్దరూ మంచివాళ్ళే, ఒకే గదిలో మాత్రం కాదు. అమ్మకి సముద్రం ఒడ్డున్న ఊళ్ళో పెద్ద కుట్టుపని దొరికింది. వెళ్తానంది. నాన్న వద్దన్నాడు. మేనత్త మధ్యలో నాలుగు మాటలు కలిపింది. నాలుగు నలభై అయ్యాయి. ఒకరోజు అమ్మ పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఎనిమిదేళ్ళ కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "కోర్టులో అడిగి నిన్ను తీసుకెళ్తా. ఆ రోజు పొద్దున్నే వచ్చేస్తా" అంది.

ఆ రోజు పిల్ల ఎర్రమెట్ల మేడ పై హాల్లో నాన్న పక్కన కూర్చుంది. మెట్ల మీద ఎవరి అడుగులు వినపడినా లేచి నిలబడేది. వకీళ్ళు వచ్చారు, గుమస్తాలు వచ్చారు, కుంటుకుంటూ ఒక ముసలమ్మ వచ్చింది. అమ్మ రాలేదు. బయట ఎవరో పెద్ద గొంతుతో అమ్మ పేరు మూడుసార్లు పిలిచారు. మూడోసారికి పిల్ల చెవులు మూసుకుంది. జడ్జిగారు బల్ల మీద నుంచి ముందుకి వంగి, "ఎవరి దగ్గర ఉంటావమ్మా?" అని అడిగారు. పిల్లకి వాళ్ళమ్మ మీద వల్లమాలిన కోపం వచ్చింది. ఇంట్లో అలిగి మూల కూర్చుంటే అమ్మ ఎక్కడున్నా వచ్చేది, బుజ్జగించేది. అందుకని గట్టిగా, ఎక్కడో ఉన్న అమ్మకి వినపడేలా చెప్పింది, "నాన్న దగ్గర" అని.

అమ్మ రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

"ఆవిడకి రావాలనిపించలేదురా," అన్నాడు నాన్న ఒకే ఒక్కసారి, రికార్డమ్మకి పదిహేనేళ్ళప్పుడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాడు. ఆయన అనుకున్నదీ అదే. పోటీ పరీక్ష పాసైనప్పుడు ఆవిడకి మంచి శాఖలు చాలా దొరికేవి. కోర్టే కావాలని రాసింది. ఎందుకని నాన్న అడిగితే ఇంటికి దగ్గరని చెప్పింది. ఆయన పోయి మూడేళ్ళయింది. కట్ట మాత్రం అరలోనే ఉంది. విప్పితే ఏముంటుంది? అమ్మ రాలేదని ఇంకోసారి సర్కారు కాగితం మీద చదువుకోవడమేగా అని ఆవిడ భయం.

లెక్క మొదలుపెట్టి అమ్మానాన్నల కేసున్న ఏడాదిని చివరికి అట్టిపెట్టింది. తొమ్మిదేళ్ళ కట్టలు మూడు వారాల్లో అయిపోయాయి. కట్టల దుమ్ముకి తుమ్ములూ దగ్గూ పట్టుకున్నాయి. ఎర్రమెట్ల మేడలో రాలేదని కొట్టేసినవి మిగతా రెండు భవనాలవీ కలిపినదానికి మూడు రెట్లున్నాయి. చాలా కట్టల్లో అడుగున ఒక అర్జీ ఉండేది. పొరపాటున పక్క కోర్టులో కూర్చున్నానని, దారి అడిగితే అక్కడికే పంపారని. ప్రతి అర్జీ మీదా ఒకే ముద్ర.

ఒక మధ్యాహ్నం కింది గుమస్తా భోజనానికి వెళ్ళాక నిచ్చెన తనే వేసుకుని ఎక్కింది.

కట్ట సన్నగా ఉంది. తీర్పు రెండు పేజీలు. అందులో ఒక వాక్యం: 'బాలికను విచారించగా తాను తండ్రి వద్దనే ఉండగోరుచున్నానని తన నోటితో చెప్పినది.' దాని కింద ఒక అరఠావు కాగితం. గుండ్రటి అక్షరాలు, కుట్టు వేసినట్టు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. ఆ చేతిరాత ఆవిడ నలభై నాలుగేళ్ళుగా చూడలేదు. అయినా మొదటి అక్షరానికే పోల్చుకుంది.

'అయ్యా, నేను పొద్దున ఎనిమిదిన్నరకే పాత కోర్టుకి వచ్చాను. పై హాల్లో బెంచీ మీద కూర్చున్నాను. నా పేరు ఎవరూ పిలవలేదు. భోజనాల వేళ అడిగితే ఇదే పాత కోర్టు, కూర్చోమన్నారు. మూడున్నరకి ఒక వకీలుగారు నా కాగితం చూసి ఇక్కడ కాదమ్మా, ఎర్రమెట్ల దగ్గరకి పో అన్నారు. పరుగెత్తుకుంటూ వచ్చాను. హాలుకి తాళం వేస్తున్నారు. నేను రాకపోవడం జరగలేదు. వచ్చాను. నా బిడ్డని నేను అడగలేదని రాసుకోవద్దని ప్రార్థన. రేపైనా పిలవండి. ఎక్కడికి పిలిస్తే అక్కడికి వస్తాను.'

పైన ముద్ర: 'తీర్పు వెలువడినందున దాఖలు చేయడమైనది.' అంటే, విచారించకుండానే కట్టలో పెట్టేశారని.

ఇంకో చిన్న చీటీ కూడా ఉంది. పదిహేడు రోజుల తర్వాత తీర్పు నకలు తీసుకున్నట్టు సంతకం. కింద చిరునామా. సముద్రం ఒడ్డు ఊరు, రేవు వీధి, గుండీల దుకాణం మేడ మీద.

రికార్డమ్మ నిచ్చెన మీద మూడో మెట్టున కూర్చుండిపోయింది. అమ్మ వచ్చింది. పది నిమిషాల దూరంలో, ఇలాంటి బెంచీ మీదే, ఇలాగే ఎవరి అడుగుల కోసమో చూస్తూ కూర్చుంది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే వేళ, ఒకరికోసం ఒకరు. ఆ తర్వాత అమ్మ నకలు తీసుకుని ఆ ఒక్క వాక్యం చదివింది. తన నోటితో చెప్పినది.

సాయంత్రం ఇంట్లో ఆయనకి చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. మాటకి ముందు జోకు వేసే మనిషి. ఆ రోజు వెయ్యలేదు. చెమ్మగా ఉన్న తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"అడ్రసుందిగా. వెళ్దాం పద."

"నలభై నాలుగేళ్ళ అడ్రసు."

"ఊళ్ళు ఎక్కడికీ పోవు. రోడ్డు నాకు తెలుసు."

"ముందు ఈ పేర్ల పని అవనివ్వండి," అంది ఆవిడ. పని అడ్డం పెట్టుకుంటోందని ఇద్దరికీ తెలుసు. ఆయన రెట్టించలేదు.

మర్నాడు కంచుగొంతు వచ్చేసరికి ఆవిడ తీర్పు మీద తేదీ చూపించింది. "బాబాయ్, ఆ ఏడాది కుటుంబం కేసులకి బంట్రోతు మీరేగా?"

"నేనే."

"మా అమ్మ పేరు మీరే పిలిచుంటారు." ఆ కాగితం ఆయన చేతికిచ్చింది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. "పిలిచే ఉంటాను. మూడుసార్లకి తక్కువ ఎవరినీ పిలవలేదు."

"గుర్తుందా?"

"గుర్తుందని చెప్పాలనే ఉందమ్మాయ్. నీ మొహం చూస్తే ఏదో ఒకటి కల్పించి చెప్దామనిపిస్తోంది. కానీ లేదు. ఎన్ని వేల పేర్లు! పలికితే లోపలికి పంపేవాణ్ణి, పలక్కపోతే చీటీ మీద అడ్డగీత కొట్టేవాణ్ణి. పలకనివాళ్ళు ఎక్కడున్నారా అని ఒక్కనాడూ అనుకోలేదు. రాలేదనే అనుకున్నా." కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు. "ఊరంతా నా గొంతుని మెచ్చుకునేవాళ్ళు. పది నిమిషాల దూరం వెళ్ళలేదన్నమాట."

ఆ రోజు నుంచి పేర్ల విషయంలో ముసలాయన రాజీపడడం మానేశాడు. ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. "గదిలో కూర్చుని మన పేర్లు మనమే మెచ్చుకుంటే లాభం లేదు. బస్టాండుకి పదండి. కొత్తగా దిగినవాళ్ళకి పేరు చెప్పి, ఎటు నడుస్తారో చూద్దాం."

అలాగే చేశారు. ముగ్గురూ నాలుగు రోజులు బస్టాండులో నిలబడ్డారు. ఇంజనీరు మొదట సిగ్గుపడ్డాడు గానీ, ఎండకి గొడుగు తెచ్చి, రెండో రోజుకి అందరికన్నా ముందే వచ్చేవాడు. ఎర్రమెట్ల మేడకి మొదట 'స్తంభాల కోర్టు' అని పెట్టి చూశారు. పదిమందిలో ఆరుగురు గడియారం మేడకి వెళ్ళారు. దానికీ స్తంభాలున్నాయని ఇన్నేళ్ళూ ముగ్గురిలో ఒక్కరూ గమనించలేదు. వంతెన పక్కదానికి 'నాలుగంతస్తుల కోర్టు' అన్నారు. "రేపు ఐదోది వేస్తే?" అన్నాడు కంచుగొంతు. తీసేశారు. పాత, కొత్త, పెద్ద, చిన్న అన్న మాటలు అసలు వాడకూడదని రికార్డమ్మ పట్టుపట్టింది.

"ఎందుకండీ, పాత అనేది మంచి మాటే కదా, చారిత్రకంగా?" అన్నాడు ఇంజనీరు.

"పాతదనం కంటికి కనపడదు బాబూ. మనం చెప్తే తెలియాలి. చెప్పేవాళ్ళు తలా ఒకటి చెప్తారు. రోడ్డు మీద నిలబడితే కనపడేదే పేరులో ఉండాలి."

చివరికి నిలబడినవి మూడు. గడియారం కోర్టు, ఎర్రమెట్ల కోర్టు, వంతెన కోర్టు. వాటికి బస్టాండులో నలభైమందిలో ముప్పై తొమ్మిది మంది సరిగ్గా వెళ్ళారు. మిగిలిన ఒక్కడు తనకి కోర్టుతో పనే లేదనీ, అడిగారని మొహమాటపడి నడిచాననీ చెప్పాడు.

జడ్జిగారి గదిలో వకీళ్ళ సంఘం పెద్ద లేచి అభ్యంతరం చెప్పాడు. "నూరేళ్ళ చరిత్ర ఉన్న న్యాయస్థానానికి మెట్ల పేరా?"

"మీరూ మెట్లెక్కే కదండీ పైకొచ్చారు?" అన్నారు జడ్జిగారు.

"పోనీ ఆ గడియారం. అది ఆగిపోయి పదేళ్ళయింది!"

"ఆగితే ఆగింది," అన్నాడు కంచుగొంతు వెనక నుంచి. "వచ్చేవాడికి టైము చెప్పక్కర్లేదు, చోటు చెప్తే చాలు."

రికార్డమ్మ తన లెక్క బల్ల మీద పెట్టింది. పదేళ్ళలో అర్జీలు నలభై ఒకటి. నలభై ఒక్కమంది వచ్చారు, రాలేదని అనిపించుకున్నారు. జడ్జిగారు ఆ జాబితా పైనుంచి కిందకి చదివి, సంఘం పెద్ద చేతికిచ్చారు. ఆయన చదివి, కూర్చున్నాడు. నలభై ఒకటిలో ఒకటి వాళ్ళమ్మదని రికార్డమ్మ చెప్పలేదు. చెప్తే లెక్క కాస్తా ఏడుపైపోతుందని ఆవిడకి తెలుసు.

రాతి పలకలు వర్షాలకి ముందే వచ్చాయి. పైన పెద్ద అక్షరాల్లో పేరు, కింద చిన్న అక్షరాల్లో రికార్డమ్మ రాసిచ్చిన వాక్యం. ఎర్రమెట్ల కోర్టు పలక మీద ఇలా ఉంది: 'దీనిని ఒకప్పుడు కొత్త కోర్టు అనీ, పిమ్మట పాత కోర్టు అనీ పిలిచేవారు.' సమన్ల కాగితం కూడా మారింది. ఏ భవనమో పేరుతో పాటు, దేన్ని చూసి గుర్తుపట్టాలో ఒక వాక్యం. ఆ నెల రాలేదని కొట్టేసిన కేసులు సగానికి పడ్డాయి. అందరూ రికార్డమ్మని మెచ్చుకున్నారు. ఆవిడ థాంక్స్ చెప్పి, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది.

ఇక అడ్డం పెట్టుకోవడానికి పని మిగల్లేదు.

ఒక శనివారం పొద్దున్నే బయలుదేరారు. నాలుగు గంటల ప్రయాణం. ఆయన ప్రయాణికుడిలా కూర్చోలేక, మలుపు మలుపుకీ లేని బ్రేకు తొక్కుతూ, "వీడికి గేరు మార్చడం ఎవడు నేర్పాడో" అని గొణుగుతూనే ఉన్నాడు. ఆవిడని నవ్వించాలని. ఆవిడ రెండుసార్లు నవ్వింది కూడా. బస్సులో ఆవిడ మనసులో ఒకటే లెక్క. అమ్మకి అప్పుడు ఇరవై ఎనిమిది. ఇప్పుడు డెబ్భై రెండు. డెబ్భై రెండంటే ఏమంత ఎక్కువ? కంచుగొంతు బాబాయ్ లేడూ!

రేవు వీధిలో గుండీల దుకాణం ఇంకా ఉంది. పక్కన ఇరుకు మెట్లు. ఆయన కిందే ఆగిపోయాడు. "నువ్వెళ్ళు. నేనిక్కడే ఉంటా."

పైన ఒకే పొడుగాటి గది. సముద్రం వైపు కిటికీ, కిటికీ కింద రెండు కుట్టు మిషన్లు. ఒకదాని మీద గుడ్డ కప్పి ఉంది. రెండోదాని దగ్గర మెళ్ళో కొలత టేపు వేసుకున్న డెబ్భై ఏళ్ళావిడ సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

"కొలతలివ్వడానికా అమ్మా? రా, వెలుతుర్లోకి రా," అంది. రికార్డమ్మ వెలుతుర్లోకి వచ్చింది. దర్జీ ఆవిడ దారం వదిలేసింది.

"నువ్వు దాని కూతురివి," అంది. అడగలేదు, చెప్పింది.

"అమ్మ..." అంది రికార్డమ్మ.

"తొమ్మిదేళ్ళయింది తల్లీ."

రికార్డమ్మ కూర్చోవడానికి చోటు వెతుక్కుంది. గుడ్డ కప్పిన మిషను ముందు స్టూలు కనపడింది. కూర్చుంది. దర్జీ ఆవిడ ఆ స్టూలు వైపు చూసి ఏదో అనబోయి, మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

మూడు పదుల ఏళ్ళకి పైగా ఆ గదిలో అమ్మా, ఈ దర్జీ ఆవిడా పక్కపక్కనే కుట్టారు. ఆవిడా ఒంటరే, ఈవిడా ఒంటరే. "నీ గురించి తెలుసు. ఆ ఊరి నుంచి బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినావిడ ఒకరు చెప్పారు, ఫలానా ఆయన కూతురు కోర్టులో రికార్డులు చూస్తుందని. అది విన్నాక మీ అమ్మ ఒక వారం తిండి సరిగ్గా తినలేదు. తర్వాత ఒక రోజు మంచి బట్టలు కట్టుకుని బస్సెక్కింది."

"ఎప్పుడు?"

"పద్దెనిమిదేళ్ళవుతుంది. మీ కిటికీ దగ్గర వరసలో నిలబడిందట. దాని వంతొచ్చేసరికి నువ్వు తలెత్తి, 'ఏం కావాలమ్మా?' అన్నావట. ఇది నోరు పెగల్చలేక 'ఫారం' అంది. నువ్వు ఫారమిచ్చావు. తీసుకుని వచ్చేసింది." దర్జీ ఆవిడ కొలత టేపు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుతూ చెప్పింది. "ఇంటికొచ్చి నెల రోజులు అదే మాట. 'అమ్మా అని పిలిచిందే, నన్ను అమ్మా అందే' అని. ఒసే పిచ్చిదానా, అందరినీ అలాగే అంటారే అంటే, 'అందరినీ అననీ. నన్నూ అందిగా' అనేది."

రికార్డమ్మ ఆ కిటికీని గుర్తు చేసుకుంది. వరసలు, చేతులు, ఫారాలు. రోజుకి ఎంతమందిని 'ఏం కావాలమ్మా' అని అడిగి ఉంటుంది? ఎంత వెతికినా ఆ ఒక్క మొహం దొరకలేదు. వేల పేర్లలో ఒక పేరు కంచుగొంతుకి ఎందుకు గుర్తులేదో ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

"ఎందుకు చెప్పలేదు? నేనే మీ అమ్మనని ఒక్క మాట..."

"చెప్పమనే పంపించాను తల్లీ. దాని దగ్గర ఆ తీర్పు కాగితం ఉండేది. 'తన నోటితో చెప్పిందే, నాన్న దగ్గరుంటానని. ఇప్పుడు నేను వెళ్ళి అడిగితే, మళ్ళీ అదే మాటంటే నేను తట్టుకోలేనే' అనేది."

"నేను అలిగాను పిన్నీ," అంది రికార్డమ్మ. పిన్నీ అన్న మాట దానంతటదే వచ్చేసింది. "అమ్మ రాలేదని అలిగాను. అలిగితే వస్తుందని అన్నాను. అంతే. నాన్న దగ్గర ఉండాలని కాదు." యాభై రెండేళ్ళావిడ, ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పుకోవలసిన సంజాయిషీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పుకుంది. దర్జీ పిన్ని లేచి వచ్చి ఆవిడ తల తన పొట్టకి ఆనించుకుంది. కింద వీధిలో ఆయన గుండీల దుకాణంవాడితో రోడ్ల గురించి ఏదో వాదిస్తున్న గొంతు వినపడుతూ ఉంది.

కాసేపటికి రికార్డమ్మ మొహం తుడుచుకుని అడగడం మొదలుపెట్టింది. అమ్మ ఏం చూసి నవ్వేది? పాడేదా? చెప్పులు ఎటువైపు అరిగేవి? టీలో చక్కెర ఎంత? దర్జీ పిన్ని ఓపిగ్గా చెప్పింది. కుడిపక్క అరిగేవనీ, చక్కెర రెండు చెంచాలు వేసుకుని ఒకటే అని అబద్ధమాడేదనీ, పాట రాదు గానీ మిషను చప్పుడుకి తగ్గట్టు తల ఊపేదనీ, కోపమొస్తే గుండీలన్నీ రంగుల వారీగా ఏరి సర్దేదనీ. రెండు బస్సులు తప్పిపోయాయి. మూడోది ఎక్కించడానికి ఆయన పైకొచ్చి చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

తర్వాతి నెల మళ్ళీ వెళ్ళింది, ఒక్కతే. ఆ తర్వాతి నెల కూడా. అమ్మకి చలికాలం మోకాళ్ళు నొప్పి పుట్టేవని తెలిసింది. పిల్లల గౌన్లు కుట్టేటప్పుడు ఎనిమిదేళ్ళ కొలత వస్తే ఆ పని పిన్నికిచ్చేసేదని తెలిసింది. నాలుగోసారికి దర్జీ పిన్ని దగ్గర కొత్త సంగతులు అయిపోయాయి. గుర్తు చేసుకుందామని నుదురు రుద్దుకుంది గానీ ఏమీ తట్టలేదు.

"అన్నీ చెప్పేశానే తల్లీ. ఇంకేం మిగల్లేదు," అంది నొచ్చుకుంటూ.

"చెప్పినవే చెప్పు పిన్నీ," అంది రికార్డమ్మ, స్టూలు దగ్గరగా జరుపుకుని. "టీలో చక్కెర దగ్గర్నుంచి మొదలుపెట్టు."